దోగాడు మొక్క, బావ మోకాలు

జూన్ 4

రెండు బ్రేకుల కారుకు ఏకైక సర్వాధికారి, ఊళ్లో గోడలు గుద్దేవాళ్లలో సగం మందిని స్వయంగా తయారుచేసి రోడ్డు మీదికి వదిలిన డ్రైవింగ్ గురువర్యులు బావగారి ఎడమ పాదానికి నమస్కారం. కుడి పాదం ఎప్పుడూ బ్రేకు మీదే ఉంటుంది కాబట్టి దానికి ఖాళీ దొరికినప్పుడు పెడతాను.

మనిద్దరం ఫోనులో మాట్లాడుకోకూడదని అక్క తీర్పు ఇచ్చేసింది కదా. "మీరిద్దరూ అరుచుకుంటుంటే నాకు కుట్టు వంకర పోతోంది. తిట్టుకోవాలంటే కాగితం మీద తిట్టుకోండి, స్టాంపులు నేను కొంటా" అంది. అందుకని ఈ రాతపూర్వక యుద్ధం.

నేరారోపణ చదువుతున్నాను, నిలబడి విను. నిన్న అక్క ఫోను చేసి, "మీ బావ పొద్దున్నే నీ మొక్క పీక్కొచ్చి ఉడకబెట్టుకుంటున్నాడ్రా" అంది. మొదట నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.

పోయిన వానల్లో ఏం జరిగిందో మర్చిపోయావా? మీ ఇంటి వెనక నిటారుగా తవ్వి వదిలేసిన గట్టు మీంచి మట్టి జారి, కిటికీలోంచి అక్క కుట్టుగదిలోకి వచ్చింది. మిషను చక్రం దాకా బురద. స్కూలు పిల్లల యూనిఫారాల బట్టంతా బురద. అక్క ఏడవలేదు. తలలో పిన్ను తీసి మిషను సందుల్లో మట్టి గీక్కుంటూ కూర్చుంది. అక్క ఏడిస్తే నాకు భయం లేదు, ఏడవకపోతేనే భయం.

అందుకే మా నర్సరీ నుంచి ఆ మొక్కను ట్రేలకు ట్రేలు మోసుకొచ్చి, గట్టుకు బల్లిలా కరుచుకుని నాటాను. మేం రోడ్ల పక్క గట్లకు వేసేది అదే. ఎక్కడో ఆఫ్రికా వేడినేలల్లో పుట్టిన మొక్క. మన భాషలో పేరు లేదు. శాస్త్రం పెట్టిన పేరు పలికితే నీకు మోకాలితో పాటు దవడ కూడా నొప్పెడుతుంది. నేల మీద పాకుతూ పోయి కణుపు కణుపుకీ వేరు దించుతుంది కాబట్టి అక్క 'దోగాడు మొక్క' అంది. ఆ వేర్లే గట్టును పట్టుకుని ఉన్నాయి. గులాబీ రంగు పూలు ఉచితం.

ఇక మీదట గట్టు మీద చెయ్యి పడిందంటే ఊరుకోను.

ఇట్లు,
నీ భార్య తమ్ముడు (ఈ పదవి పీకడం మాత్రం నీ వల్ల కాదు)

జూన్ 10

ఒరేయ్ మొక్కల మేధావీ,

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ చేతిలోంచి మీ అక్క లాక్కుని, ముందు తను చదివి, నవ్వాల్సిన చోటల్లా నవ్వి, తర్వాత నాకిచ్చింది. అంటే నా దాకా వచ్చేసరికి అది ఎంగిలి ఉత్తరం.

నా మోకాలి మీద జోకులేస్తున్నావు. ఆ మోకాలు ఎవరి వల్ల పోయింది? నువ్వు డ్రైవింగ్ నేర్చుకున్న ఎండాకాలం గుర్తుందా? పాలబండిని, స్కూలు గేటును, చివరికి ఆగి ఉన్న రోడ్డు రోలరును... రోడ్డు రోలరునిరా! అంత పచ్చగా, అంత పెద్దగా ఉన్నదాన్ని! నువ్వు గుద్దబోయిన ప్రతిసారీ నా వైపు బ్రేకు తొక్కింది ఈ కాలే. చచ్చీ చెడీ నేర్పితే టెస్టుకు వెళ్లిన ప్రతిసారీ తప్పొచ్చావు. నా బడి చరిత్రలో టెస్టు తప్పి, "ఆ స్తంభం అక్కడ ఉండాల్సింది కాదండీ" అని ఇన్‌స్పెక్టరుతో వాదించినవాడివి నువ్వొక్కడివే.

ఎముకల డాక్టరు ఏమన్నాడో మీ అక్క చెప్పలేదా? "ఈ పని మానేసి కూర్చుని చేసే పని ఏదన్నా చూసుకోండి" అన్నాడు. "నేను చేసేది కూర్చునే కదండీ" అన్నాను. వాడికి నవ్వు రాలేదు, నాకూ రాలేదు. మా ఇంట్లో ఇద్దరం కాళ్లతోనే బతుకుతున్నాం. ఆవిడ మిషను తొక్కుతుంది, నేను బ్రేకు తొక్కుతాను. నా కాలు ఆగితే బడి మూతపడుతుంది. అదీ సంగతి.

ఇక ఆకు వైద్యం నాకు నేర్పిందెవరు? గట్టు మీద పుల్లకు అట్టముక్క గుచ్చి, "ఈ మొక్క పుట్టిన చోట జనం దీన్ని కీళ్ల నొప్పులకు, వాపులకు, దగ్గుకు, కడుపునొప్పికి వాడతారు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిందెవరు? నేనా? ఆకులు ఉడికించి వేడివేడిగా గుడ్డలో కట్టుకుంటే రెండు పాఠాల దాకా కాలు నా మాట వింటోంది. నువ్వు ఏనాడూ విననంతగా వింటోంది.

చదివింది మొక్కల చదువు, చేసేది పరాయి రోడ్లకు పచ్చరంగు వెయ్యడం. నాకు చెప్పొచ్చాడు.

బావ

జూన్ 16

వనమూలికా చక్రవర్తికి,

ఆ అట్టముక్క మీద రెండు వాక్యాలు రాశాను. నువ్వు చదివింది మొదటిది. రెండోది, "దీన్ని పీకినవారికి పైన చెప్పిన రోగములన్నియు వచ్చును." పక్కింటివాళ్లు కలుపు మొక్క అనుకుని పీకకుండా భయపెట్టడానికి రాశాను. వాన వచ్చి శాపాన్ని కడిగేసి వరాన్ని నీకు మిగిల్చింది. వానకూ నువ్వంటేనే పక్షపాతం.

ఆ ఆకు నిజంగా పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. వేడి గుడ్డ కడితే ఏ మోకాలికైనా కాసేపు హాయిగానే ఉంటుంది. ఆ గుడ్డలో ఆకే ఉండక్కర్లేదు, నా ఉత్తరాలు ఉడికించి కట్టుకున్నా చాలు, వేడి వాటిలోనే ఉంది. పోనీ నీ నమ్మకం నీది. ఆకు గిల్లుకుంటే నేనేం అనను. తీగ పట్టి లాగుతున్నావట! ఒక్క తీగ లాగితే దాని కణుపులన్నీ మట్టితో సహా లేచొస్తాయి. గట్టుకు కుట్లు విప్పుతున్నావు బావా. కుట్లు విప్పితే ఏమవుతుందో ఇంట్లో దర్జీని పెట్టుకుని నన్నడుగుతావేం?

రోడ్డు రోలరు విషయం. అది ఆగి లేదు. నెమ్మదిగా కదులుతోంది. నీ మోకాలికి బాధ్యత వహించడానికి నేను నిరాకరిస్తున్నాను.

అయినా నాది పెద్ద మనసు. తడి గోనెగుడ్డలో చుట్టి ఒక పార్శిల్ పంపిస్తున్నాను. ఎండనివ్వకు. అందిన రోజే పని కానిచ్చెయ్యి. ఏం చెయ్యాలో నీకు వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇట్లు,
రోలరు బాధితుడు

జూన్ 26

చిరంజీవి బావమరిదికి బావ మనసారా ఆశీర్వదించి రాయునది.

నాన్నా, నీ పార్శిల్ అందింది. విప్పి చూడగానే నా కళ్లు చెమర్చాయి. నిన్ను ఇన్నాళ్లూ మనుషుల జాబితాలో వెయ్యనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఎంత తాజాగా ఉన్నాయిరా! వేర్లతో సహా పంపావు. అసలు సారమంతా వేర్లలోనే ఉంటుందని నాకూ అనుమానంగానే ఉండేది.

నువ్వు చెప్పినట్టే ఎండనివ్వకుండా అదే రోజు పని కానిచ్చేశాను. స్నానాల నీళ్లు కాచే పెద్ద గిన్నె నిండా వేసి, బాగా మరగబెట్టి, ఆ నీళ్లలో కాలు పెట్టుకుని కూర్చున్నాను. మిగిలింది సీసాల్లో పోశాను. నా దగ్గర రివర్సు నేర్చుకుంటున్న టీచరమ్మ వాళ్లమ్మకు చీలమండ వాపట, ఆవిడకో సీసా ఇచ్చాను. "మా బావమరిది పంపించాడండీ" అని గొప్పగా చెప్పుకున్నాను. నీ గురించి గొప్పగా చెప్పుకోవడం నాకు కొత్త కాబట్టి మాట కాస్త తడబడింది.

మీ అక్క ఆ సమయానికి ఇంట్లో లేదు, కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లింది. వచ్చి గిన్నెలోకి తొంగిచూసి, "అయ్యో" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని గదిలోకి వెళ్లి, మిషను తొక్కుతూ చాలాసేపు నవ్వింది. ఎందుకే అంటే చెప్పదు. ఆడవాళ్లకు వైద్యం విలువ తెలీదు.

ఈసారి ఇంకాస్త పెద్ద పార్శిల్ పంపించు నాన్నా.

ప్రేమతో,
బావ

జూలై 1

బావా,

నువ్వు నారు వండుకున్నావు.

ఇంకోసారి రాస్తాను, నెమ్మదిగా చదువు. అది మందు కాదు. గట్టు మీద నువ్వు పీకిన చోట మళ్లీ నాటమని పంపిన నారు. వేరు ఎందుకు ఉంది? నాటడానికి. తడి గోనెలో ఎందుకు చుట్టాను? బతకడానికి. మొక్క బతకాలని నేను రాత్రింబవళ్లు తడుపుకుంటూ పెంచి పంపితే నువ్వు దానికి నీళ్లు కాచావు! విత్తనాల మూట పంపిస్తే వేయించుకుని తినే మనిషివి నువ్వు. టీచరమ్మ వాళ్లమ్మ నీ సీసా తాగలేదని ఆశిస్తున్నాను. వెళ్లి కనుక్కో.

నవ్వులాట అయిపోయింది. ఇక్కడ వానలు మొదలయ్యాయి. నాలుగు రోజుల్లో మీ వైపు తిరుగుతాయి. మా నర్సరీ వేసిన రోడ్డుగట్లలో పచ్చదనం లేని చోటల్లా మట్టి పెళ్లలుగా జారుతోంది, నా కళ్లతో చూశాను. ఆ గట్టు కింద ఉన్నది అక్క గది. ఆ కిటికీకి వీపు పెట్టి రోజంతా కూర్చునేది అక్క. మిషను చప్పుడులో ఆవిడకు మట్టి జారే చప్పుడు వినపడదు కూడా.

వెంటనే మిషను ముందు గదిలోకి మార్చు. ముందు గదిలో నీ శిష్యుల కుర్చీలు, గోడకు నీ రోడ్డు గుర్తుల బొమ్మలు ఉంటాయని నాకు తెలుసు. తీసెయ్యి. ఆ బొమ్మల్లో 'కొండచరియలు పడును' అని కూడా ఒకటుంది, అది మాత్రం తీసుకెళ్లి నీ కారుషెడ్డులో పెట్టుకో.

నీ మోకాలి కోసం మా అక్క నెత్తి మీద గట్టును పడేస్తానంటే చూస్తూ ఊరుకోను. మార్చకపోతే వచ్చి అక్కను నాతో తీసుకెళ్లిపోతాను. నువ్వు సీసాలు అమ్ముకుంటూ ఉండు.

బావమరిది

జూలై 7

గౌరవనీయులైన బావమరిదిగారికి,

మీ ఉత్తరం చేరింది.

మీరు మీ అక్కగారిని తీసుకువెళతానని రాశారు. ఆ సంగతి ఆవిడకు తెలియజేశాను. ఆవిడ సమాధానం: "నేనేమన్నా వాడి నర్సరీ ట్రేలో మొక్కనా, ఎత్తుకెళ్లి ఇంకో చోట పెట్టడానికి? నా మిషను దగ్గర వెలుతురు బావుంటుంది. ఇక్కడే ఉంటా." ఉన్నదున్నట్టు రాశాను.

టీచరమ్మగారి తల్లిగారు ఆ నీళ్లు తాగలేదు. కాలికి పోసుకున్నారు. క్షేమం.

నేను నా మోకాలి కోసం మీ అక్కగారి ప్రాణం పణంగా పెట్టే మనిషినని మీరు ఇంతకాలం అనుకుంటూ వచ్చారని ఇప్పుడు తెలిసింది. నేను ఆకు ఎక్కడ కోస్తున్నానో మీరు ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు నేను చెప్పను.

మీకు అంతా మంచే జరగాలని కోరుకుంటూ,
మీ అక్కగారి భర్త

జూలై 12

బావా,

నువ్వు నన్ను 'మీరు' అన్నావు.

నన్ను వెధవ అన్నావు, దద్దమ్మ అన్నావు, ఒకసారి టెస్టు బయట పదిమందిలో "వీడు నా బావమరిది కాదు, దారినపోయేవాడు" అన్నావు. ఎప్పుడూ భయం వెయ్యలేదు. ఆ 'గారు' చూసేసరికి వేసింది. నర్సరీలో నాతో పనిచేసే అబ్బాయికి చూపిస్తే, "ఎంత మర్యాదగా రాశారండీ మీ బావగారు" అన్నాడు. వాడికేం తెలుసు.

ఎక్కడ కోస్తున్నావు? అడుగుతున్నాను. ఆలస్యంగానే అడుగుతున్నాను, చెప్పు.

ఫోను చేస్తే అక్క తియ్యడం లేదు. తీర్పు తీర్పేనట. ఇక్కడ వాన తెరిపి ఇవ్వడం లేదు. నర్సరీ ముందు రోడ్డు కాలవలా ఉంది, బస్సులు ఆగిపోయాయి, లేకపోతే ఈపాటికి మీ గుమ్మంలో ఉండేవాణ్ణి. నన్ను ఎంతైనా తిట్టు. అక్కను మాత్రం ఆ కిటికీ దగ్గర కూర్చోనివ్వకు. ఈ ఉత్తరంలో జోకు ఒక్కటీ లేదు, వెతుక్కోకు.

నీ బావమరిది (గారు తీసేశాను)

జూలై 20

ఒరేయ్,

గట్టు జారింది.

ముందు ఇది చదువు, తర్వాత గుండె పట్టుకో. మీ అక్కకు ఏమీ కాలేదు. గదికి ఏమీ కాలేదు. మిషను మీద దుమ్ము కూడా పడలేదు.

మొన్న మధ్యాహ్నం. వాన వల్ల పాఠాలు లేవు. నేను ముందు గదిలో కాలికి గుడ్డ కట్టుకుంటున్నాను. వెనక లారీ ఇసుక దింపినట్టు చప్పుడు. పరిగెత్తాను. అవును, పరిగెత్తానురా, ఈ మోకాలితోనే! వెళ్లేసరికి మీ అక్క మిషను ముందే కూర్చుని ఉంది. సూది బట్టలో దిగి ఉంది, కాలు పెడలు మీదే ఉంది. నన్ను చూసి, "నాకేం కాలేదు. నీ కారు చూసుకో" అంది. అప్పటి దాకా నాకు కారన్న మాటే గుర్తు లేదు.

షెడ్డు లేదు. రేకులు కింద, వాటి మీద కారంత మట్టి, ఆ మట్టి కింద కారు.

ఇప్పుడు చెప్తాను, ఎక్కడ కోసేవాణ్ణో. నేను మొదటి రోజు ఆకు కోసినప్పుడే మీ అక్క పాత కొలతల టేపు తీసుకెళ్లి, పుల్లలు పాతి, తన గది అయిపోయి నా కారుషెడ్డు మొదలయ్యే చోట గట్టు మీద పై నుంచి కింద దాకా కట్టింది. "టేపుకు నా గది వైపు ఒక్క ఆకు తెంపావంటే నీ రెండో మోకాలు నేను చూసుకుంటా" అంది. ఒట్టురా, ఒక్క ఆకు ముట్టుకోలేదు. తీగ పాక్కుంటూ టేపు దాటి నా వైపు వస్తే, దాన్ని కూడా మెల్లగా అటు తిప్పి పెట్టేవాణ్ణి. పీకిందంతా నా కారు నెత్తి మీదే. జారితే నా కారు మీద జారుతుంది, నాది కదా, నేను చూసుకుంటాను అనుకున్నాను. నువ్వేమో వేరేగా అనుకున్నావు.

గట్టు సరిగ్గా టేపు దగ్గర ఆగింది. కత్తెరతో కోసినట్టు. ఇటు ఎర్రమట్టి గాయం, అటు నీ మొక్క పచ్చగా, ఏమీ ఎరగనట్టు పూలు పూసుకుని ఉంది. టేపు ఒక పుల్లకు వేలాడుతోంది. మీ అక్క చూసి, "కొలత తప్పలేదు" అంది. అంతే. తర్వాత గదిలోకి వెళ్లి ఏడ్చింది. అక్క ఏడిస్తే భయం లేదని నువ్వన్నావుగా, అందుకని రాస్తున్నాను.

కారు తవ్వి తీశాం. అద్దాలు లేవు, పైకప్పు ఒంగింది, నీ వైపు స్టీరింగు వంకర పోయింది. నా వైపు బ్రేకు మాత్రం భేషుగ్గా ఉంది. కూర్చుని తొక్కి చూశాను. మెకానిక్ నావంక అదోలా చూశాడు.

బడి ప్రస్తుతానికి మూసి ఉంది. మిగతా గట్టు మీద టార్పాలిన్ కప్పాం. మీ అక్క నెత్తి మీద గట్టు పడేస్తానని నువ్వన్న మాట నేను మర్చిపోలేదు. రాసి పెట్టుకో.

బావ

జూలై 24

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదివితే నీ మీద గౌరవం పుట్టేలా ఉందని భయపడి మడిచేశాను.

అక్క నాకు టేపు సంగతి ఎందుకు చెప్పలేదో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. స్టాంపులు తనే కొంటానన్నప్పుడే అనుమానం రావాల్సింది. మన తిట్లు చదువుకోవడం ఆవిడకు కాలక్షేపం.

సంగతేమిటంటే, ఆగస్టు మొదటి ఆదివారం నాడు వస్తున్నాను. నర్సరీవాళ్ల వ్యాను ఇస్తామన్నారు. గాయం పడ్డ గట్టుకు సరిపడా ట్రేలు ఎక్కిస్తున్నాను. ప్రతి ట్రే మీద పెద్ద అక్షరాలతో 'ఇది నాటుటకు మాత్రమే' అని రాశాను, వానకు చెరగని రంగుతో. పక్కన నీ కోసం విడిగా రెండు కుండీల నిండా అదే మొక్క పెంచాను. వాటి మీద 'మోకాలు' అని రాసి ఉంటుంది. పీక్కో, ఉడకబెట్టుకో, కౌగిలించుకో, నీ ఇష్టం. గట్టు జోలికి మాత్రం రాకు. దీన్ని నేను తప్పు ఒప్పుకోవడంగా భావించవద్దు. రోలరు కదులుతూనే ఉంది.

ఇంకో చిన్న విషయం. వ్యాను నేనే తోలుకుంటూ వస్తున్నాను. నాకు లైసెన్సు వచ్చింది. ఇక్కడ వేరే డ్రైవింగ్ బడిలో నేర్చుకున్నాను. ఆయన నా పక్కన కూర్చుని ఒక్కసారి కూడా అరవలేదు. మొదటిసారికే పాసయ్యాను. నీకు చెప్పాలనుకుంటూనే ఉన్నాను, నీ మోకాలు మధ్యలో అడ్డం వచ్చింది.

ఇట్లు,
లైసెన్సు గల బావమరిది

జూలై 28

ఒరేయ్ ద్రోహీ,

కదలకు. వ్యాను తాళం ఎవరికన్నా ఇచ్చేసి, చేతులు కట్టుకుని అక్కడే కూర్చో.

వేరే బడి! నా ఇంట్లో అన్నం తిని, నా మోకాలు తిని, లైసెన్సు మాత్రం వేరేవాడి దగ్గర! ఆ అరవని గురువుగారి అడ్రసు తీసి ఉంచు, ఆయనతో నాకు పనుంది. అరవకుండా నీకు నేర్పినవాడు మనిషి కాదు, చెవిటివాడన్నా అయ్యుండాలి. దీని సంగతి ముఖాముఖి తేల్చుకుందాం.

మధ్యలో ఘాట్ రోడ్డు ఉంది. వాన ఇంకా తగ్గలేదు. వెనక అన్ని ట్రేల బరువు. నువ్వు ఒక్కడివే స్టీరింగు పట్టుకుని ఆ మలుపులన్నీ దిగుతావని తెలిసి ఇక్కడ మీ అక్క మిషను ఆపేసి కూర్చుంది. ఆవిడ మిషను ఆగితే నాకు అన్నం సహించదు.

బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి. నువ్వు బయలుదేరే ముందు రోజు, శనివారం పొద్దున్న బస్సెక్కి నేనే అక్కడికి వస్తున్నాను. కాలికి రెండు గుడ్డలు కట్టుకుని వస్తాను, ఫరవాలేదు. తిరుగు ప్రయాణంలో పక్క సీట్లో నేను కూర్చుంటాను. మాట్లాడకు, పాట పెట్టకు, రోడ్డు చూడు.

ఆ వ్యానుకు నా వైపు బ్రేకు ఉండదని నాకు తెలుసు. అయినా దారి పొడుగునా తొక్కుతూనే ఉంటాను.

బావ